ఒంటిమిట్ట - ఏకశిలానగరమునకు గుర్తింపు

అర్చావతారముగా భగవానుడు వెలసిన ప్రతి క్షేత్రమునకును రెండు చరిత్రలుండును. ఒకటి స్థలపురాణము. పెద్దలు పిల్లలకు చెప్పగా, అర్చకులు యాత్రికులకు చెప్పగా, తరతరములుగా నిలిచి వచ్చునది. రెండవది శాసనములలోను, కవుల కృతులలోను, పరదేశీయుల యాత్రాగ్రంథములలోను, తుదకు ప్రభుత్వపు రాజపత్రములలోను కనబడునది. భక్తుని హృదయమునకు మొదటి చరిత్రయే చాలును. కాని రెండవ చరిత్ర లేనిచో ప్రాకారపు రాయి ఊడిపోయినను అడుగువాడుండడు. మాన్యము అన్యాక్రాంతమైనను నిరూపించుటకు ఆధారముండదు. కావుననే ప్రాచీన గ్రామములలోని పెద్దలు "మా ఊరు పురాతనమైనది, దీనిని ప్రభుత్వము గుర్తింపవలెను" అని కోరుచుందురు. ఆ కోరికలో అహంకారము లేదు. తాతలనాటి సొత్తును మనుమలకు అప్పగింపవలెనను ఆరాటమే ఉన్నది.

అయితే ఈ గుర్తింపు అనునది ఏమి? ఎవరు ఇచ్చెదరు? దేనిని చూచి ఇచ్చెదరు? ఇచ్చిన పిమ్మట గ్రామమునకు కలుగు మేలెంత, కష్టమెంత? ఈ ప్రశ్నలకు సమాధానములను ఒకే గ్రామమున చూడగోరువారికి కడప మండలమునందలి ఒంటిమిట్ట మిక్కిలి తగినది. ఈ గ్రామమునకు గుర్తింపు ఒక మారు కాదు, పలుమారులు, పలువిధములుగా లభించినది. లభింపక నిలిచియున్నదియు ఒకటి కలదు.

క్షేత్రము

కడప నుండి రాజంపేట మీదుగా తిరుపతికి పోవు మార్గమున సుమారు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున ఒంటిమిట్ట ఉన్నది. ఉత్తరమునుండి తిరుమలకు పోవు యాత్రికులకు దేవుని కడప శ్రీవేంకటేశ్వరుని తొలిగడప అని ప్రసిద్ధి. ఆ గడప దాటినవారికి దారిలో ఒంటిమిట్ట కోదండరాముడు, నందలూరు సౌమ్యనాథుడు, తాళ్లపాక చెన్నకేశవుడు వరుసగా దర్శనమిత్తురు. ఇంత చిన్న దూరములో ఇన్ని వైష్ణవక్షేత్రములు కూడియున్న బాట మరియొకటి చూపుట కష్టము. తొందరగా కొండకు చేరవలెనను ఆత్రమున ఈ మూడింటిని విడిచిపోవు యాత్రికులే నేడు ఎక్కువమంది.

గర్భాలయమున సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు మలచబడియున్నారు. ఇందువలననే ఈ ఊరికి ఏకశిలానగరమను పేరు వచ్చినదని చెప్పుదురు. ఈ మూర్తులను జాంబవంతుడు ప్రతిష్ఠించెనని స్థలపురాణము. సాధారణముగా రామాలయములందు స్వామి పాదములచెంత ఉండు ఆంజనేయుడు ఇచ్చటి గర్భాలయమున లేడు. శ్రీరామచంద్రునకు హనుమంతునితో సమాగమము కలుగక పూర్వపు అరణ్యవాస ఘట్టమును ఈ మూర్తులు తెలుపుచున్నవని పెద్దల సమాధానము. అయినను భక్తాగ్రేసరుడు స్వామిని విడిచి ఎట్లుండును? ఆలయమునకు ఎదురుగా సంజీవరాయస్వామి అను పేర ప్రత్యేకముగా కోవెల కలిగియున్నాడు. యాత్రికులు ఆయనను కూడ సేవించుట ఆచారము. రామతీర్థము, లక్ష్మణతీర్థము అను రెండు తీర్థములు శ్రీరామలక్ష్మణుల బాణములచే పుట్టినవని ప్రతీతి.

గ్రామనామమును గూర్చి రెండు మాటలు వినబడును. ఒంటుడు, మిట్టుడు అను బోయనాయకులిద్దరు, ఆ దారిన వచ్చిన కంపరాయలకు దాహము తీర్చి సేవచేసిరనియు, ప్రతిఫలముగా తమకేమియు కోరక స్వామికి గుడియు, ఊరికి చెరువును కోరిరనియు, వారి పేరనే ఊరు ఒంటిమిట్ట ఆయెననియు ఐతిహ్యము. ఒంటరిగా నున్న మిట్టపై గుడి యుండుటచే ఒంటిమిట్ట అయినదని రెండవమాట. భాషావేత్తకు రెండవది రుచించును. కాని మొదటిదానియందు చెరువు ప్రసక్తి ఉన్నది, దానిని తేలికగా త్రోసివేయరాదు. రాయలసీమ వంటి వానలు తక్కువైన నేలపై గుడి నిలువవలెనన్న చెరువు నిండవలెను. నైవేద్యపు బియ్యము ఆ నీటినుండియే రావలెను. గుడిని, చెరువును ఒక్క వరముగా కోరినట్లు చెప్పిన ఆ కథకుడు గ్రామజీవనము ఎరిగినవాడే.

ఆలయనిర్మాణము విజయనగర శైలికి చెందినది. విశాలమైన ప్రాకారము, మూడు గోపురములు, ముప్పదిరెండు స్తంభములతో కూడిన మధ్యరంగమండపము చూపరులను ఆకర్షించును. స్తంభములపై శ్రీరామకృష్ణుల కథలు శిల్పములుగా మలచబడినవి. విజయనగర ప్రభువుల కాలమున ఆరంభమైన నిర్మాణము సిద్ధవటమును రాజధానిగా పాలించిన మట్లిరాజుల కాలమున పూర్తి అయినదని చెప్పుదురు.

సాక్ష్యములు

ఒక గ్రామము ప్రాచీనమని చెప్పుటకు ఏయే సాక్ష్యములు చెల్లును? న్యాయస్థానమున సాక్షులందరికి ఒకే విలువ ఉండనట్లే ఇచ్చటను తారతమ్యము కలదు.

అన్నింటికంటె బలమైనది శిలాశాసనము. దానిపై సంవత్సరము, మాసము, తిథి, రాజు పేరు, దానము చేసిన ఊరి పేరు, దాత పేరు ఉండును. గుడికి వేసిన రాయిని ఎవరును తమకు అనుకూలముగా తిరుగవ్రాయలేరు. ఒంటిమిట్టయందు పదునారవ శతాబ్దినాటి శాసనములు కలవు. స్వామికి నైవేద్యములకును ఉత్సవములకును జరిగిన దానములు వానివలన తెలియుచున్నవి. పొరుగుననున్న నందలూరు సౌమ్యనాథాలయమున చోళుల నాటినుండియు శాసనములు విస్తారముగా కలవు. శాసనసంపదలో ఒంటిమిట్ట కంటె నందలూరే భాగ్యవంతమని చెప్పవలెను.

ప్రాచీనశాసనములను శాస్త్రీయముగా సేకరించు పని మద్రాసు రాజధానియందు 1886లో హుల్ట్‌జ్ పండితుని నియామకముతో స్థిరపడినది. పద్ధతి సులభమే, ఓర్పు మాత్రము కావలెను. రాతిని శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పరచి, కుచ్చుతో కొట్టి అక్షరముల పల్లములలోనికి కాగితము దిగునట్లు చేయుదురు. పిమ్మట సిరాను అద్దుదురు. చదునైన భాగము నల్లనగును, అక్షరములు తెల్లగా నిలుచును. ఇట్లు తీసిన ప్రతిని కార్యాలయమునకు గొనిపోయి చదివి, సంగ్రహమును వార్షిక నివేదికయందు ప్రకటింతురు. ఇట్లు ప్రకటితమైన శాసనము ఆ రాయి తర్వాత శిథిలమైనను బ్రదికియుండును. ప్రకటితము కాకమునుపే సున్నపుపూతలక్రింద కప్పబడినది, ఇసుకపిచికారితో అరిగిపోయినది, జీర్ణోద్ధరణ పేర తలక్రిందుగా గోడలోనికి పోయినది మాత్రము పోయినట్లే. భక్తితో చేసిన పూతయే ఊరి పత్రమును తుడిచివేసిన ఉదాహరణములు ఆంధ్రదేశమున తక్కువ కావు.

రెండవ సాక్ష్యము కైఫియత్తులు. నైజాము ప్రభువు 1800లో దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చిన పిమ్మట కర్నల్ కాలిన్ మెకంజీ ఈ సీమను కొలిపించెను. కొలతతోబాటు ప్రతి గ్రామముయొక్క వృత్తాంతమును కరణములచేతను పెద్దలచేతను చెప్పించి వ్రాయించెను. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజములుగా నుండిరి. మెకంజీ 1821లో మరణించినను ఆ వ్రాతలు నిలిచినవి. కడప ప్రాంతపు కైఫియత్తులను సి.పి. బ్రౌన్ భాషాపరిశోధన కేంద్రము సంపుటములుగా ప్రకటించినది. కైఫియత్తులో పురాణము, వదంతి, పన్నులలెక్క, రాజుల వంశక్రమము అన్నియు కలగలిసియుండును. దానిని శాసనమువలె నమ్మరాదు, కట్టుకథవలె త్రోయరాదు. చెరువుల పేర్లు, మాన్యముల ఎల్లలు, శిథిలమైన గుడుల జాడలు మాత్రము అందు చాలవరకు నమ్మదగినట్లుండును. ఏలయన, అవి పన్నుకు సంబంధించిన విషయములు. కరణము వానియందు పొరపాటు పడడు.

మూడవది పరదేశి సాక్ష్యము. ఫ్రెంచి రత్నవర్తకుడైన టావర్నియర్ 1652లో గండికోటకు పోవుచు ఈ దారిన వచ్చెను. ఆయన ఒంటిమిట్ట ఆలయమును చూచి భారతదేశమునందలి మిక్కిలి గొప్ప గుడులలో ఒకటిగా తన యాత్రాగ్రంథమున పేర్కొనెను. పెద్దపెద్ద చెక్కుడురాళ్లతో కట్టిన కట్టడమనియు, మూడు గోపురములు కలదనియు వర్ణించెను. ఆ గ్రంథము 1676లో అచ్చయినది. ఆయన భక్తుడు కాడు, ఈ ఊరివాడు కాడు, పొగడినందువలన ఆయనకు కలుగు లాభము లేదు. రత్నముల వెల కట్టుటకు అలవాటుపడిన కన్ను అది. అందుచేతనే ఆ నాలుగుమాటలకు విలువ హెచ్చు.

నాల్గవది కవిసాక్ష్యము. అయ్యలరాజు త్రిపురాంతకకవి ఈ స్వామిపై ఒంటిమిట్ట రఘువీరశతకము రచించెను. గ్రామనామము గ్రంథనామముననే ఉన్నది. ఇంతకంటె స్పష్టమైన ఆధారమేల? అదే వంశమునందు రామాభ్యుదయకర్తయైన రామభద్రకవి జన్మించెను.

ఇక ఇమాంబేగు కథ. కడప నవాబు ప్రతినిధిగానున్న ఇమాంబేగు ఒకనాడు ఇచ్చటకు వచ్చి, "మీ దేవుడు పిలిచిన పలుకునా?" అని భక్తుల నడిగెనట. చిత్తశుద్ధితో పిలిచిన పలుకునని వారు చెప్పిరట. ఆయన స్వామిని మూడుమారులు పిలువగా లోపలినుండి "ఓ" అని సమాధానము వచ్చెననియు, ఆయన నాటినుండి స్వామికి భక్తుడై ఆలయపు నీటికొరకు బావి త్రవ్వించెననియు చెప్పుదురు. పలికిన ధ్వనికి శాసనము ఎవరు వేయగలరు? కాని బావి ఉన్నది, దానికి ఆయన పేరున్నది. ఒక ఊరి చరిత్రలో ఇట్టి బావి మహారాజు దానశాసనమునకు తీసిపోదు.

పోతన ప్రసక్తి

ఒంటిమిట్ట కోరిన గుర్తింపులలో వివాదమునకు లోనైనది ఒకటి కలదు. అది బమ్మెర పోతనామాత్యుని జన్మస్థలమను గౌరవము. ఏకశిలానగరము పోతన నివాసమను ప్రసిద్ధి ఉన్నది. ఒంటిమిట్టకు ఏకశిలానగరమను పేరున్నది. పోతన తన భాగవతమును శ్రీరామచంద్రునకే అంకితమిచ్చెను. ఒంటిమిట్టలో వెలసినది శ్రీరామచంద్రుడే. ఈ మూడుమాటలను కలిపినచో కోదండరాముని సన్నిధియే భాగవతము పుట్టిన చోటని భక్తునకు తోచుట సహజము. గత శతాబ్ది ఆరంభమున పెక్కుమంది పండితులు ఈ పక్షమున గట్టిగా వాదించిరి.

ప్రతిపక్షపు వాదము కూడ బలమైనదే. ఓరుగల్లు అను మాటకే ఒంటిరాయి అని అర్థము చెప్పుదురు. దానికి సంస్కృతరూపము ఏకశిలానగరము. కాకతీయుల రాజధానికి ఆ పేరు ప్రసిద్ధముగా నున్నది. పోతన ఇంటిపేరైన బమ్మెర అను గ్రామము ఓరుగల్లు ప్రాంతమున, నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలమున ఉన్నది. సర్వజ్ఞ సింగభూపాలునితో పోతనకు గల సంబంధమును చెప్పు కథలన్నియు రాచకొండ రాజ్యమునకు చెందినవే. ఈ కారణములచే పండితులలో అధికసంఖ్యాకులు నేడు ఓరుగల్లు పక్షమునే అంగీకరించుచున్నారు.

ఇందు ఒక విషయము ఆలోచింపదగియున్నది. తన ప్రాచీనతకు శాసనములు, శతకము, యాత్రికుని వ్రాత, మహాగోపురములు సాక్ష్యములుగా నున్న గ్రామమునకు పోతన జన్మస్థలమను వాదము అవసరమా? బలమైన సాక్ష్యముల ప్రక్క బలహీనమైనదానిని నిలిపినచో పరీక్షించువాని చూపు దానిమీదనే పడును. దానిని త్రోసివేయుచు మిగిలినవానిని కూడ అనుమానించును. గ్రామచరిత్రలు వ్రాయువారు పెక్కుమంది ఈ చోటనే తడబడుదురు. తమ ఊరిలో లేనిదానిని ఉన్నదనుటలో పడు శ్రమను, ఉన్నదానిని పదిలపరచుటలో పడరు. పోతనను ఒంటిమిట్ట ప్రజలు ఆరాధించుటకు ఆయన ఇచ్చట పుట్టియుండనక్కరలేదు. శ్రీరామనవమినాడు ఇచ్చట పోతన జయంతియు కవిసమ్మేళనమును జరుగుట ఎంతయు ఉచితము. రామునకు భాగవతమును సమర్పించిన కవిని రాముని ముంగిట స్మరించుటకు చరిత్రకారుల అనుమతి కావలసినది లేదు.

తాళ్లపాక దీనికి మంచి పోలిక. అది చిన్న గ్రామము. అన్నమాచార్యుని జన్మస్థానమను గౌరవము దానికి వాదమువలన రాలేదు. పౌత్రుడైన చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదగా వ్రాసి ఊరిని, సీమను చెప్పియుంచెను. ఆ గ్రంథమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపగా 1949లో వెలువడినది. తిరుమలలో భద్రపరుపబడిన రాగిరేకులు తాళ్లపాక కవుల సంకీర్తనలను కాపాడినవి. శతాబ్దులపాటు మరుగుననున్న పేరు, వ్రాత దొరికినంతనే వెలుగులోనికి వచ్చినది. 2022లో ఏర్పడిన ఒక జిల్లాకు అన్నమయ్య పేరు పెట్టునంతవరకు అది సాగినది.

టెంకాయచిప్ప

ప్రభుత్వము గుర్తింపకమునుపే ఒంటిమిట్టను గుర్తించిన మహనీయుడొకడు కలడు. వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా నుండిరి. వాల్మీకి రామాయణమును మూలానుసారముగా తెనిగించి ఆంధ్రవాల్మీకి అను బిరుదు పొందిరి. రామాయణమునకు మందరము అను విపులమైన వ్యాఖ్యానమును వ్రాసిరి. వాసుదాసస్వామి అను పేర భక్తలోకమునకు సుపరిచితులు.

ఆలయము జీర్ణించి, స్వామికి నిత్యకైంకర్యములు సరిగా జరుగని స్థితిని చూచి ఆయన మనస్సు కరగినది. సన్మానములందిన పండితుడు టెంకాయచిప్పను చేత ధరించి ఊరూర తిరిగి భిక్షమెత్తెను. కాసులు పడిన చిప్పను నమ్మి ఆభరణములు చేయించెను, మరమ్మతులు జరిపించెను. ఆ చిప్పను గూర్చియే ఒక శతకము కూడ చెప్పెను.

ఒక్క విషయము గమనింపవలెను. ఆయన చేసినది అర్జీ కాదు. ముందు గుడిని బాగుచేసి, దాని మహిమను గ్రంథముల ద్వారా లోకమునకు తెలిపెను. తరువాతికాలమున అధికారులు ఈ ఊరికి వచ్చునప్పటికి వారికి కనబడినది పాడుబడిన గుడి కాదు, పూజలందుకొనుచున్న గుడి. అర్జీలు వ్రాయువారు ప్రతి ఊరిలోను దొరకుదురు. చిప్ప పట్టువారు అరుదు.

రాజముద్ర

ఇక చట్టమునకు వత్తము. మన రాజ్యాంగమున 49వ అధికరణము జాతీయప్రాముఖ్యముగల కట్టడములను కాపాడుట రాజ్యముయొక్క విధియని చెప్పుచున్నది. 1976లో చేసిన 42వ సవరణముచే చేరిన 51-ఎ అధికరణము మన సమష్టి సంస్కృతియొక్క వారసత్వమును కాపాడుట ప్రతి పౌరుని కర్తవ్యమని చెప్పుచున్నది. కేంద్రమున 1958నాటి ప్రాచీన కట్టడముల చట్టము, ఆంధ్రప్రదేశమున 1960నాటి చట్టము అమలునందున్నవి.

కేంద్రచట్టము ప్రకారము కట్టడము నూరేండ్లకు తక్కువకానిదై యుండవలెను. దానిని జాతీయప్రాముఖ్యము గలదిగా ప్రకటింప దలచినప్పుడు ప్రభుత్వము మొదట తన ఉద్దేశమును రాజపత్రమున ప్రకటించి, దాని ప్రతిని కట్టడము దగ్గర అందరికి కనబడునట్లు అంటించును. రెండుమాసములలోపల సంబంధమున్నవారు ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును. ఆ ఆక్షేపణలను విచారించిన పిమ్మటనే తుదిప్రకటన వెలువడును. పూజలు జరుగుచున్న గుడి ఇట్లు రక్షితమైనను పూజకు భంగములేదు. గుడి స్వభావమునకు విరుద్ధమైన పనులకు దానిని వాడరాదనియే చట్టము విధించుచున్నది. ఒంటిమిట్ట కోదండరామాలయము, నందలూరు సౌమ్యనాథాలయము రెండును ఇట్లు కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్నవి.

కాని ఈ రక్షణ ఉచితముగా రాదు. 2010లో చేసిన సవరణ ప్రకారము రక్షితప్రదేశపు ఎల్లనుండి నూరు మీటర్లవరకు నిషిద్ధప్రాంతము. అందు క్రొత్తకట్టడము కట్టరాదు. పాతయింటికి మరమ్మతు చేయుటకును అనుమతి పొందవలెను. దానికి ఆవల మరి రెండువందల మీటర్లు నియంత్రితప్రాంతము. అచ్చట కట్టడమునకు ముందుగా అనుమతి ఉండవలెను. పట్టణములో ఇది ఒక వీథికి సంబంధించిన మాట. పల్లెలో గుడిచుట్టు నూరుమీటర్లనగా ఊరి నడిబొడ్డు. తరతరములుగా స్వామిసేవ చేయు అర్చకుని ఇల్లు, వాద్యకారుని ఇల్లు, పూలమాలలు కట్టువారి ఇల్లు అక్కడనే ఉండును. కొడుకు పెండ్లికి ఒక గది వేసికొనవలెనన్న కాగితము పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును. నియమము అన్యాయమని దీని భావము కాదు. ఆ నియమమే లేనిచో గోపురము కనబడకుండ నాలుగంతస్తుల సత్రములు లేచియుండెడివి. అయినను గుర్తింపును కోరువారు, దాని బరువు మొదట ఎవరి భుజముపై పడునో వారితో ముందుగా మాటాడుట ధర్మము. రెండుమాసముల గడువు అందులకే ఏర్పడినది. ఆ ప్రకటనను చదివి వినిపించువారు లేక గడువు గడిచిపోవుట చాల ఊళ్లలో జరుగుచున్నది.

మరియొక చిక్కు కలదు. చట్టము కట్టడమును గుర్తించును, శాసనమును గుర్తించును, పురావస్తుస్థలమును గుర్తించును. గ్రామమును గ్రామముగా గుర్తించు మాట అందు లేదు. గుడికి రక్షణ కలదు. గుడికి అన్నము పెట్టిన చెరువునకు, ఉత్సవమూర్తులు ఊరేగు వీథికి, బాటసారి బావికి ఆ రక్షణ తానుగా రాదు. వానిని వేరువేరుగా నిరూపింపవలెను. లేదా గ్రామపంచాయతియే కాపాడుకొనవలెను. పాలంపేటలోని రామప్పగుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఆ కీర్తి గుడి పేరనే వచ్చినది. గ్రామమే పేరుగా గౌరవమందిన ఉదాహరణము భూదాన్ పోచంపల్లి. అదే సంవత్సరమున ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ దానిని ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎంచినది. అది గౌరవమే గాని చట్టపు రక్షణ కాదు. ఈ భేదము తెలియక, బిరుదును రక్షణ అని భ్రమించి ఊరకుండు గ్రామములు కలవు.

ఒంటిమిట్టకు లభించిన మరియొక గుర్తింపు చట్టమునుండి వచ్చినది కాదు, రాష్ట్రచరిత్రనుండి వచ్చినది. భద్రాచల సీతారామకల్యాణమునకు పాలకుల పక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము తానీషా కాలమునుండి వచ్చినదని ప్రసిద్ధి. 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడివడినప్పుడు భద్రాచల క్షేత్రము తెలంగాణమున నిలిచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శ్రీరామనవమి ఉత్సవములను అధికారికముగా ఎచ్చట జరుపవలెనను ప్రశ్న పుట్టినది. విజయనగరము దగ్గరి రామతీర్థమునకును ఒంటిమిట్టకును భక్తులు తమతమ పక్షములు చెప్పుకొనిరి. రామతీర్థము సామాన్యక్షేత్రము కాదు. దాని ప్రాచీనతయు గొప్పది. 2015లో ఒంటిమిట్టకు ఆ గౌరవము దక్కినది. ఆ సంవత్సరముననే ఆలయనిర్వహణము తిరుమల తిరుపతి దేవస్థానములకు చేరినది. నాటినుండి పూజాదికములు దేవస్థానముల బాధ్యత, కట్టడపు రక్షణ పురావస్తుశాఖ బాధ్యత. ఒకే ఆలయమునకు ఇట్లు ఇద్దరు సంరక్షకులు. ఒక దీపస్తంభము నిలుపవలెనన్నను, ఒక పందిరికి గుంజ పాతవలెనన్నను ఇరువురును ఒకమాటపై ఉండవలెను. పని ఆలస్యమగునని విసుగుకొనువారు కలరు. ఆ ఆలస్యమువలననే పాతస్తంభములు సిమెంటుపూతలనుండి తప్పించుకొన్నవని సంతోషించువారును కలరు.

గౌరవముతోబాటు జనము వచ్చినది. ఊరిగుడికి సరిపోవు ముంగిట లక్షలమందికి చోటు ఎట్లు చాలును? 2018లో కల్యాణసమయమున గాలివాన వచ్చి పందిళ్లు కూలగా ప్రాణనష్టము జరిగినది. అట్టి ఉత్సవమునకు స్థిరమైన ఏర్పాటు ఎంత అవసరమో ఆనాడు తెలిసినది. కల్యాణమునకు ఆలయప్రాకారమునకు వెలుపల ప్రత్యేకముగా విశాలమైన వేదిక ఉండుటవలన పురాతన మండపములపై ఒత్తిడి తగ్గినది.

ఇచ్చటి బ్రహ్మోత్సవములు శ్రీరామనవమితో ఆరంభమగును. కాని కల్యాణము నవమినాడు కాదు, పగలును కాదు. పున్నమి సమీపించిన రాత్రివేళ, వెన్నెలలో జరుగును. పగటి కల్యాణమును తాను చూడలేకపోవుచున్నానని చంద్రుడు మొరపెట్టుకొనగా స్వామి ఆయనకిచ్చిన వరమని కొందరు దీనికి కారణము చెప్పుదురు. దూరపు యాత్రికులు నవమినాటికి వచ్చి కల్యాణము అయిపోయినదనుకొని మరలిపోవుట అప్పుడప్పుడు జరుగుచుండును. పంచాంగము చూచుకొని బయలుదేరువారు ఆ పగటివేళ తాళ్లపాక, నందలూరు క్షేత్రములను సేవించి, సాయంకాలమునకు ఒంటిమిట్ట చేరవచ్చును. చీకటి పడిన పిమ్మట ఉత్సవమూర్తులు ఆలయమునుండి కల్యాణవేదికకు వేంచేయుదురు.